గుండ్లకమ్మ మొగలో అమ్మ

పీహెచ్‌డీ కోసం నెలకోసారి గుండ్లకమ్మ సముద్రంలో కలిసే చోటికి వెళ్లేదాన్ని. ఆ చోటును అక్కడివాళ్లు మొగ అంటారు. పడవ వెనక సన్నటి వల కట్టి కాసేపు లాగితే, దాని చివరనున్న డబ్బాలో చేపగుడ్లు, అప్పుడే గుడ్డులోంచి బయటపడ్డ పిల్లలు చేరేవి. నీళ్లలో ఉప్పు ఎంత, వేడి ఎంత, బురద ఎంత అని కొలిచి, ఏ నెలలో ఏ చేపలు పుడుతున్నాయో రాసుకోవడం నా పని.

మాది వినుకొండ దగ్గర పల్లె. ఆ ఏరే మా ఊరి పక్కనుంచి వెళుతుంది. అమ్మ మిరప కూలీ. ఆ ఎండాకాలం మిరపకాయల తొడిమలు తీసే పనికి గుంటూరు వచ్చి, బ్రాడీపేటలో నా గదిలోనే ఉంది. ఒక ఆదివారం చర్చి నుంచి వస్తూ, "రోజూ ఆ కాలేజీలో ఏం చేస్తావే?" అని అడిగింది. ల్యాబుకి తీసుకెళ్లాను.

ముందురోజు సాయంత్రం మొగ నుంచి తెచ్చిన నీళ్లు గాజు పళ్లెంలో పోసి, కింద నల్లకాగితం పరిచాను. చెత్తలోంచి గుడ్లను వేరు చేయడానికి నాకు గంటలు పట్టేది. అమ్మ కాసేపు చూసి, వెళ్లి చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కొచ్చింది.

"ఇటు జరుగు. మిరపకాయల్లో తాలుకాయలు ఏరేదానికి ఇదొక లెక్కా?"

సూది తీసుకుని మొదలుపెట్టింది. నేను టీ తాగి వచ్చేసరికి పళ్లెంలో రెండు కుప్పలున్నాయి.

"ఇయ్యి గుండ్రంగా ఉన్నాయి, ఇయ్యి కోలగా ఉన్నాయి. వేరే జాతేనా?"

కోలగా ఉన్నవి నెత్తళ్లనే చిన్న సముద్రపు చేపల గుడ్లు. ఆ తేడా పట్టుకోవడానికి నాకు మూడు నెలలు పట్టింది. ఒక గుడ్డును మైక్రోస్కోపు కింద పెట్టి చూడమన్నాను. అమ్మ ఒక కన్ను మూసి వంగింది. చాలాసేపు లేవలేదు.

"లోపల పిల్ల మెదులుతోందే," అంది మెల్లగా. "గుండె కూడా కనపడతంది."

తర్వాత ఊరెళ్లిపోయింది. వానలు మొదలయ్యాక ఫోన్ చేసింది. "ఏరు నిండుగా పోతోంది. ఈ మంచినీళ్లన్నీ అక్కడికే వస్తే ఆ గుడ్లు ఏమైపోతాయి?"

నా గైడ్ అడగాల్సిన ప్రశ్న అది. "వచ్చి చూడు," అన్నాను.

వచ్చింది. తలంతా నెరిసిన పడవ పెద్దాయన చెయ్యి అందించి ఎక్కించాడు. మొగ దగ్గర ఏటి నీళ్లు ఎర్రగా, అవతల సముద్రం పచ్చగా, మధ్యలో గీత గీసినట్టు నురగ. అమ్మ ఎర్రనీళ్లలో వేలు ముంచి నాలుకకు రాసుకుంది.

"ఉప్పే లేదు. ఇది మన ఏరేనా?"

"మీ ఏరేనమ్మా," అన్నాడు పెద్దాయన. "ఇది ఇట్టా పొంగి వచ్చినప్పుడల్లా ఇక్కడ చేపలు మారిపోతాయి. నెత్తళ్లు ఉప్పునీళ్లలోకి పోతాయి. బురద చేపలకి మాత్రం ఇప్పుడే పండగ."

వల లాగాం. కోలగుడ్డు ఒక్కటీ లేదు. బురద నీళ్లలో పెరిగే చిన్న చేపల పిల్లలు డబ్బా నిండా ఉన్నాయి. మేం మిరపనారు నాటుకునే వాన ఇక్కడికొచ్చి ఎవరు పుట్టాలో, ఎవరు పక్కకు తప్పుకోవాలో తేలుస్తోంది. అంకెల్లో అది నాకు తెలుసు. కానీ అమ్మ పక్కన కూర్చుని డబ్బాలోకి మళ్లీ తొంగి చూశాను.

రెండోసారి లాగిన నీళ్లు తెల్ల బేసిన్‌లో పోశాను. ఏమీ లేదనుకుని పారబోయబోతుంటే అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"ఆగు. నీళ్లకి కళ్లున్నాయి."

రెండు నల్లటి చుక్కలు కదులుతున్నాయి. వాటి వెనక వేపాకంత ఒళ్లు, అద్దంలా ఉండి బేసిన్ అడుగు కనిపిస్తోంది. పుస్తకాల్లో బొమ్మ చూశాను గానీ ప్రాణంతో చూడటం అదే మొదలు. సముద్రంలో పుట్టి, ఏటి నీళ్లలో పెరగడానికి మొగ వెతుక్కుంటూ వచ్చే, పాములాంటి మలుగు చేప పిల్ల అది. పెద్దాయన ఇంజన్ ఆపేశాడు. ముగ్గురం బేసిన్ మీదికి వంగిపోయాం.

నమూనాను చంపి, చెడిపోకుండా ఉంచే మందునీళ్ల సీసాలో వేసి తీసుకెళ్లాలి. మూత తీశాను కూడా. అమ్మ దాన్నే చూస్తోంది. పొడవు కొలిచి, చూసింది చూసినట్టు రాసుకుని, బేసిన్‌ను ఏటి వైపు వంచాను. నీళ్లలో పడగానే కనిపించకుండా పోయింది.

సోమవారం మా గైడ్ నా నోట్సు పుస్తకం తిరగేస్తూ, "ఈ పిల్ల నమూనా ఎక్కడుందమ్మా?" అన్నారు.

"వదిలేశాను సార్."

ఆయన కళ్లజోడు తీసి నా వైపు చూశారు. నమూనా లేనిది లెక్కలోకి రాదంటూ ఆ వరుసను ఎర్ర ఇంకుతో కొట్టేశారు. తర్వాత కుర్చీ దగ్గరికి జరుపుకుని, "ఎలా ఉందో చెప్పు," అన్నారు.