గుంతల తడి

ఆంధ్రప్రదేశ్ అయిన కొత్తల సంగతి. మా బాపుకు సుర్కలు పెడ్తనని వచ్చిన ముసలాయన వాకిట్ల పొయ్యిల ఇనుపకడ్డీ కాలవెట్టిండు. ఎర్రగ కాలిన కడ్డీతోని మోకాళ్ల సుట్టూ కాలుస్తే కీళ్లనొప్పులు పోతయని అందరు నమ్మేటోళ్లు.

మాది గుంతమగ్గం. నేలల తవ్విన గుంతల కాళ్లు పెట్టి నెయ్యాలె. పోగులు ఎండి తెగకుంట గుంతల నీళ్లు చల్లాలె. చిన్నప్పటి సంది ఆ తడిల నాని నాని బాపు మోకాళ్లు వాచినయి. వావిలాకు కాపడం పెట్టినం, ఆముదం రాసి జిల్లేడాకులు కట్టినం. ఏం లాభం! కరీంనగర్ల దవాఖానకు తీస్కపోతే, డాక్టరమ్మ మందిచ్చి, "తడి తగలనియ్యకు, గుంతల అస్సలే దిగకు" అన్నది.

"దిగకపోతే ఏం తినాలె, మన్నా?" అని బాపు మా ఊరు సుల్తానాబాద్ దాక ఆమెను తిట్టుకుంటనే వచ్చిండు. సుర్కలాయన మళ్ల మగ్గం ఎక్కిస్తడని ఎవలో చెప్తే, ఇగ ఆగలే.

"వద్దు బాపూ, నీకు దండం పెడ్త" అన్న.

"నోరు ముయ్యి పోరీ!" అని కసిరి, పంచె మోకాళ్ల మీదికి గుంజుకున్నడు. నన్ను గన్న అవ్వ నోట్ల కొంగు కుక్కుకొని తలుపు సాటుకు నిలబడ్డది.

ముసలాయన కడ్డీ తీసి దగ్గరికొచ్చిండు.

"పెద్దయ్యా, మాపటికి గుంతల దిగొచ్చునా?" అనడిగిండు బాపు.

"దిగుడా! పుండ్లు మానేదాక తడి తగిల్తె చీము పడ్తది. గుంత దిక్కే పోవద్దు."

"ఓర్నీ! గా డాక్టరమ్మ గిదే ముచ్చట కాల్చకుంటనే చెప్పింది గద!" అని బాపు కాళ్లు ఎనుకకు గుంజుకున్నడు. నాకు నవ్వు, ఏడుపు ఒక్కసారే వచ్చినయి. ముసలాయన అలిగి, కడ్డీ నీళ్లల్ల ముంచి సల్లార్చుకొని పోయిండు.

హమ్మయ్య, గండం తప్పిందనుకున్న. ఇంతల ఇంట్ల మగ్గం సప్పుడు! మా ఇంట్ల నేసేది బాపు ఒక్కడే, అవ్వ రాట్నం మీద నూలు కండెలు సుట్టేది. ఉరికిపోయి చూస్తే, చీర ఎగ్గట్టుకొని అవ్వ గుంతల కూసున్నది. పక్కన నీళ్ల చెంబు.

బాపు గోడ పట్టుకుంట వచ్చి, "నీళ్లు చల్లకే!" అని మొత్తుకున్నడు.

"చల్లకపోతే పోగులు తెగుతయి" అన్నది అవ్వ, చెంబు వంచుకుంట.

బాపు రాట్నం దగ్గరికి గుంజుకొని కండె సుట్టుడు షురువు చేసిండు. నేను అవ్వ మోకాళ్లనే చూసుకుంట నిలబడ్డ. అప్పటికి అవి ఇంకా మంచిగనే ఉన్నయి.