మూడో నిమిషంలో మాయమయ్యే డోళ్లు

మిక్చర్ ప్యాకెట్ల మీద నాకొక చిన్న ఫిర్యాదు ఉంది. పల్లీలు ఎప్పుడూ అడుగునే ఉంటాయి. వాటి కోసం సగం ప్యాకెట్ కారప్పూస తినాలి. తీరా అక్కడికి చేరేసరికి అవి మెత్తబడి ఉంటాయి. కంపెనీకి ఉత్తరం రాద్దామనుకున్నాను గానీ, అంతటి మనిషిని కానని ఊరుకున్నాను.

నా కారులోని నాలుగు సీడీల పెట్టెదీ అదే వంశం. లాటిన్ జాజ్‌లో ఏరి కూర్చిన అరవై పాటలని అట్ట మీద ఉంటుంది. సెకండ్ హ్యాండ్ కారుతో పాటు వచ్చింది, పాత ఓనరు మరిచిపోయాడు. ఆ కారులో ఫోన్ పాటలు పలకవు. కాబట్టి శంషాబాద్‌లో నేను పనిచేసే గోదాముకూ తొండుపల్లిలో మా ఇంటికీ మధ్య ఆరేళ్లుగా అవే విన్నాను. ప్రేమ పుట్టడానికి ఇంతకంటే పెద్ద కారణం అక్కర్లేదు.

ప్రేమ ఉన్నా లోపాలు కనబడకపోవు. ఒకే పాట మూడు సీడీల్లో మూడుసార్లు ఉంది. ఒకటి గుసగుసగా ఉంటే తర్వాతది చెవిలో ట్రంపెట్ పెట్టి ఊదినట్టు ఉంటుంది. నా చెయ్యి గేరు మీద కంటే వాల్యూమ్ మీదే ఎక్కువుంటుంది. అసలు నేరం వేరే. పియానో, ట్రంపెట్లు మర్యాదగా తమ వంతు ముగించాక కాంగాలు అందుకుంటాయి, అంటే చేత్తో వాయించే పొడుగాటి డోళ్లు. సరిగ్గా అప్పుడే పాట సన్నగిల్లి మాయమవుతుంది. అరవై పాటలు కుక్కాలి కదా, కత్తెర డోళ్ల మీదే పడింది.

ఇదంతా తెలిసీ, మా చెల్లి పెళ్లి రిసెప్షన్‌కు ఆ పెట్టెనే పట్టుకుపోయాను.

చెల్లికి డీజే అంటే భయం. మా చిన్నాన్న కూతురి పెళ్లి ఆల్బమ్‌లో సగం మంది చుట్టాలు చెవులు మూసుకునే ఉన్నారు. "అన్నా, నేను గేటు కాడికెల్లి స్టేజీ దాక నడిచేటప్పుడు నీ కారుల పాట పెట్టు. గా నడక ఒక్కటి చెడగొట్టకు, సాలు," అంది. పెళ్లిలో తను నన్ను అడిగింది అదొక్కటే. నాన్న మాత్రం "పెండ్లంటే నీ కారు గాదురా" అన్నాడు.

ముందు రోజే మామిడిపల్లి ఫంక్షన్ హాలుకు వెళ్లి, ఫోన్‌లో టైమ్ పెట్టుకుని, గేటు నుంచి స్టేజీ దాకా నడిచాను. రెండు నిమిషాలు. పాట మూడు నిమిషాలు. డిగ్రీ చదివినందుకు ఆ రోజు కొంచెం గర్వపడ్డాను.

నేను నడిచినప్పుడు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. చెల్లి నడిచినప్పుడు వాటిలో మేనత్తలు, పెద్దమ్మలు, అమ్మమ్మ వరసవాళ్లు ఉన్నారు. మా వైపు పెళ్లికూతురు పెద్దల కాళ్లు మొక్కకుండా దాటిపోతే అవమానం. ఒకరికి మొక్కి పక్కావిడను వదిలేస్తే యుద్ధం. తను మూడో వరుసకు చేరేసరికి కాంగాలు అందుకున్నాయి, వెంటనే పాట సన్నగిల్లింది. చెల్లి ఇంకా హాలు మధ్యలోనే ఒంగి ఉంది.

తర్వాతి పాట మొదలైంది. ఒంటరి ట్రంపెట్, చాలా నెమ్మదిగా. వాన పడుతుండగా కారులో బాగుండే పాట. హాల్లో మాత్రం శవం వెంట నడిచే బ్యాండులా వినిపించింది.

"ఎవరు పోయిండ్రే?" అని మా మేనత్త పక్కావిడను అడిగింది.

చెల్లి తలెత్తి నా వైపు చూసింది. ఆ చూపును వర్ణించను. కంగారులో బటన్ నొక్కాను. నా కారులో ఆ చోట 'తర్వాతి పాట' ఉంటుంది. హాలు వాళ్ల ప్లేయర్ మాత్రం నోరు తెరిచి సీడీని నా చేతికిచ్చింది. హాలంతా నిశ్శబ్దం.

అప్పుడు గేటు దగ్గర డప్పు మోగింది. బరాత్ కోసం పిలిచిన డప్పుల తాత బయట తన వంతు కోసం కూర్చుని ఉన్నాడు. ఆయన ఒక్కడే లోపలికి నడిచి వస్తూ, కాంగాలు ఎక్కడ ఆగాయో ఆ దరువునే అందుకున్నాడు. కొంచెం మనవైపుకు తిప్పాడు, అంతే. చెల్లి నవ్వింది. మిగిలిన వరుసలన్నీ తీరిగ్గా మొక్కింది. తను స్టేజీ ఎక్కి పెళ్లికొడుకు పక్కన కూర్చున్నాకే తాత దరువు ముగించి డప్పు దించాడు. నా చొక్కా వీపంతా తడిసిందని అప్పుడు గమనించాను. అది ఏసీ హాలే.

భోజనాల దగ్గర వెతుక్కుని మరీ ఆయన పక్కన కూర్చున్నాను. "మస్తు కాపాడినవ్ తాతా," అన్నాను.

"నేనేం కాపాడిన బిడ్డా! దరువు సగంల ఇడిసిపెట్టిండ్రు, చేతులు ఊకుంటయా? మేం గట్ల దించితే మా నాయిన ఆ పూట బువ్వ పెట్టనిచ్చెటోడు కాదు. గని గా కొట్టినోడెవడు? చెయ్యి మంచిగున్నది. పేరేంది?"

పెట్టెను ముందూ వెనకా తిప్పి చూశాను. పాటల పేర్లున్నాయి. ప్రతి పాట పక్కనా 'వివిధ కళాకారులు' అని ఉంది. అడుగున, పాటలు ఏరి కుదించిన ఆయన పేరు పెద్ద అక్షరాల్లో, అదీ రెండుసార్లు ఉంది. ఉన్నది ఉన్నట్టు చదివి వినిపించాను.

తాత బగారన్నం ముద్ద మధ్యలో ఆపి పెట్టె వంక చూశాడు.

"అంటే కొట్టినోని పేరు లేదు గని, కోసినోని పేరున్నది."