మతీన్ పది వేళ్లు

మతీనుద్దీన్ చేతులు చూసి అతను వికెట్ కీపరంటే ఎవరూ నమ్మరు. పదిహేనేళ్లు వికెట్ల వెనక కూర్చున్నవాడి వేళ్లు అల్లం కొమ్ముల్లా వంకరలు తిరిగి ఉండాలి. మతీన్‌వి మాత్రం తిన్నగా, కలం పట్టుకుని బతికేవాడి వేళ్లలా ఉంటాయి. అతను బంతి మీదికి చేతులు విసరడు. దాన్ని రానిచ్చి, దాంతోపాటే చేతుల్ని వెనక్కి తీసుకుంటాడు. అదీ అతని విద్య. అదొక్కటే అతని విద్య. బ్యాటింగ్‌కి పదకొండో నంబరులో దిగుతాడు, పన్నెండో నంబరు లేదు కాబట్టి.

ఆ విద్య మీదే ఉద్యోగం. కాగితం మీద బీమా కంపెనీలో గుమస్తా, నిజానికి కంపెనీ జట్టుకి కీపర్. జట్టులో ఉన్నంతకాలమే ఉద్యోగం, కరాచీ నాజిమాబాద్‌లో రెండు గదుల క్వార్టరూ. ఏటా జూన్‌లో కొత్త ఒప్పంద కాగితం చేతికిస్తారు. తొమ్మిదిసార్లు ఇచ్చారు. తొంభై ఆరులో, పదో కాగితానికి ముందు, ఫుర్ఖాన్ అని ఇరవయ్యేళ్ల కుర్రాడు వచ్చాడు. ఓపెనింగ్ బ్యాట్స్‌మన్. కీపింగ్ కూడా చేస్తాడట. గురువారం ఇద్దరికీ ట్రయల్ మ్యాచ్ అన్నారు.

ఆదివారం పొద్దున షబ్బన్ చాచా టీ హోటల్లో ఎప్పటి గొడవే నడుస్తోంది, పాకిస్తాన్ కీపర్లలో ఎవరు గొప్పని.

"మోయిన్ అంటే మోయిన్, చాచా," అన్నాడు జుబైర్. క్లబ్బులో ఫాస్ట్ బౌలర్, నోరు కూడా అంతే ఫాస్టు. "తొంభై రెండు వరల్డ్ కప్ సెమీఫైనల్లో కొట్టాడే సిక్సర్, అది మీ రషీద్ కొడతాడా?"

"ఎందుకు కొట్టాలి? ఆరుగురు బ్యాట్స్‌మెన్ ఉన్నారుగా. వాళ్ల పనీ కీపరే చేస్తే వాళ్లు ఇంట్లో కూర్చుని పరాఠాలు ఒత్తుకుంటారా?" అన్నాడు చాచా.

"ఇంతియాజ్ అహ్మద్ ఎనిమిదో నంబర్లో దిగి రెండొందల తొమ్మిది కొట్టలేదా? ఆయన లాహోరువాడులే, వదిలెయ్. మన కరాచీ తస్లీం ఆరిఫ్‌నే తీసుకో. ఫైసలాబాద్‌లో రెండొందల పది, నాటౌట్!"

"కొట్టాడు, కాదన్నానా? ఎన్ని టెస్టులాడాడు మరి? ఆరు. ఎందుకంటావ్? వసీం బారి ఉన్నాడు కాబట్టి. బారి బంతి పట్టుకుంటే చప్పుడే రాదు, మియా. అవతల బ్యాట్స్‌మన్ వెనక్కి తిరిగి చూసుకునేవాడు, బంతి ఎటుపోయిందా అని."

"ఇప్పుడు బారి వచ్చినా ముందు బ్యాట్ ఏదీ అని అడుగుతారు." జుబైర్ కప్పు కింద పెట్టి ఇటు తిరిగాడు. "నువ్వు చెప్పు మతీన్ భాయ్. ఎవరు గొప్ప?"

"బారి."

"నీకు బారే కావాలి మరి! పోయిన సీజన్‌లో నీ పరుగులెన్ని?"

"ముప్పై ఒకటి."

"ఏ మ్యాచ్‌లో?"

"సీజన్ మొత్తం మీద."

హోటలంతా నవ్వింది. మతీన్ కూడా నవ్వాడు. కానీ టీ సగంలో వదిలేసి లేచాడు. దారి పొడుగునా ఆ అంకెలే. రెండొందల తొమ్మిది. రెండొందల పది. ముప్పై ఒకటి. ట్రయల్‌లో ఓ నలభై కొడితే చాలు అనుకున్నాడు. నలభై కొట్టిన కీపర్ని ఎవడు తీసేస్తాడు?

ఆ సాయంత్రమే జుబైర్‌ని బతిమాలి నెట్స్‌కి తీసుకెళ్లాడు. సిమెంటు పిచ్, పైన చాప. కొత్త బంతి.

"షార్ట్‌గా వెయ్యి. ఫుర్ఖాన్‌కైతే ఎలా వేస్తావో అలా వెయ్యి."

"భాయ్, నీకెందుకిది? పొద్దున ఏదో సరదాకన్నాను."

"వెయ్యవోయ్."

ఎనిమిది బంతులు ఆడాడు. అందులో రెండు బ్యాట్‌కి తగిలాయి కూడా. తొమ్మిదోది చాప మీద లేచి కుడిచేతి మీదికొచ్చింది. చూపుడు వేలు బ్యాట్ పిడికీ బంతికీ మధ్య నలిగింది. లోపల టక్కుమన్న చప్పుడు మతీన్‌కి ఒక్కడికే వినిపించింది. పదిహేనేళ్లు వికెట్ల వెనక ఒక్క వేలూ పోనివాడికి, వికెట్ల ముందు పావుగంటలో పోయింది.

ఎముకలు కట్టే పహిల్వాన్ వేలు పట్టుకుని లాగి, కర్రపుల్ల పెట్టి కట్టాడు. "మూడు వారాలు కదపకు."

"గురువారం ఆడాలి, పహిల్వాన్ జీ."

"అయితే నా దగ్గరికెందుకొచ్చావ్? దర్జీ దగ్గరికెళ్లి కుట్టించుకోకపోయావా!"

పహిల్వాన్ తిట్టినందుకు కాదు మతీన్ భయం. నొప్పికీ కాదు. స్పోర్ట్స్ ఆఫీసర్ అజ్మత్ సాబ్ కూడా ఒకప్పుడు కీపరే. ఆయనకో అలవాటుంది. జట్టు పేర్లు రాసేముందు కీపర్ని పిలిచి రెండు చేతులూ బల్ల మీద పరచమంటాడు. వంకర వేలు కనబడితే, "గట్టి చేతులు. బంతితో కుస్తీ పడుతున్నావ్," అని పంపించేస్తాడు. తొమ్మిదేళ్లూ మతీన్ చేతులు చూసి ఆయన ఒక్క మాటా అనలేదు. ఆయన ఏమీ అనకపోవడమే మెచ్చుకోవడం.

ఇంట్లో భార్య సబీహా కట్టు చూసింది. "ఏమైంది?"

"తలుపులో పడింది."

"ఏ తలుపు?"

మతీన్ ఎడమచేత్తో పళ్లెం దగ్గరికి లాక్కున్నాడు. ఆమె రొట్టె తుంచి పళ్లెంలో వేసింది, చిన్నపిల్లాడికి వేసినట్టు. "క్వార్టర్ ఖాళీ చెయ్యమంటే మా అన్నయ్యవాళ్ల మేడ మీద గదుంది. మీరు దాని గురించి బెంగపెట్టుకోకండి," అంది. ఆ మాటతో అంతవరకు లేని బెంగ కూడా వచ్చి చేరింది.

బుధవారం కట్టు తీసేసి వేలిని పక్క వేలితో కలిపి టేపు చుట్టాడు. గ్లవ్ తొడగడానికే చెమటలు పట్టాయి.

గురువారం మ్యాచ్‌లో బంతి చేతిలో పడ్డప్పుడల్లా నొప్పి మోచేతి దాకా పాకింది. అయినా ఒక్కటీ జారలేదు. లెగ్ స్పిన్నర్ బంతి కాళ్ల వెనకనించి పోతుంటే, బ్యాట్స్‌మన్ మడమ అలా లేచిందో లేదో బెయిల్స్ గాల్లో ఉన్నాయి. టెంట్‌లోంచి ఎవరో "వాహ్!" అన్నారు. ఆ తర్వాత బ్యాట్ పట్టుకుని వెళ్లాడు. నాలుగు పరుగులు, అవీ అంచుకి తగిలి వెనక్కి పోయినవి. ఫుర్ఖాన్ డెబ్బై రెండు కొట్టాడు. వికెట్ల వెనక ఒక క్యాచ్ నేలపాలు చేశాడు. దాన్నెవరూ పట్టించుకోలేదు.

ఆట అయ్యాక అజ్మత్ సాబ్ ఇద్దర్నీ టెంట్‌లోకి పిలిచాడు. ముందు ఫుర్ఖాన్ చేతులు చూసి ఊఁ అన్నాడు. తర్వాత మతీన్ టేపు విప్పి చేతులు పరిచాడు. చూపుడు వేలు వంకాయలా నల్లగా ఉబ్బి పక్కకి తిరిగి ఉంది.

సాబ్ కళ్లజోడు తీశాడు. "నువ్వు కూడానా, మతీన్? చేతులు గట్టిపడ్డాయి నీకు. వయసు."

నోరు మూసుకుంటే కీపింగ్ పోతుంది. నిజం చెబితే నెట్స్‌లో తొమ్మిది బంతులు ఆడలేనివాడని తనే ఒప్పుకున్నట్టు. బయట జట్టంతా వింటోంది. క్వార్టర్ గుర్తొచ్చింది. మేడ మీద గది గుర్తొచ్చింది. ఆ వేలిని మడిచి దాచాలనిపించింది, కానీ అది మడతపడదు.

"కీపింగ్‌లో కాదు సాబ్," అన్నాడు. "బ్యాటింగ్‌లో విరిగింది. ఆదివారం."

"ఎవడు వేశాడు?"

"జుబైర్. క్లబ్బువాడు."

బయట ఎవరో పకపకా నవ్వారు. అజ్మత్ సాబ్ నవ్వలేదు. వేలిని మెల్లగా రెండు వైపులా నొక్కి చూశాడు. "ఆదివారం విరిగిందా? ఇవాళ్టి స్టంపింగ్ దీంతోనే చేశావా?"

"అవును సాబ్."

"గాడిదా," అన్నాడు సాబ్. జట్టు పేర్ల కాగితం మీద కలం పెట్టాడు. "ఫుర్ఖాన్ ఓపెనింగ్ ఆడతాడు. గ్లవ్స్ నీవే. ఈ ఒక్క సీజనే. వచ్చే ఏడాది కంపెనీవాళ్లు నా మాట వినరు, మతీన్. ఒక్కడి జీతానికి రెండు పనులు చేసేవాణ్ణే అడుగుతారు."

జూన్‌లో పదో కాగితం వచ్చింది. సబీహా దాన్ని రెండుసార్లు చదివి గోద్రెజ్ బీరువాలో పెట్టి, "పదకొండోది?" అంది. మతీన్ చెప్పులు వేసుకుని బయటికి వెళ్లిపోయాడు.

వేలు వంకరగానే అతుక్కుంది. ఇప్పుడు షబ్బన్ చాచా హోటల్లో కొత్తవాడెవడైనా చెయ్యి కలిపితే, వాడు అడిగినా అడగకపోయినా, మతీన్ ముందే చెప్పేస్తాడు:

"ఇది బ్యాటింగ్‌లో విరిగింది."