అమ్మాయి మొక్కకు ముడతాకు

తడిసిన కొబ్బరి పీచు వాసన తగిలితే చాలు, నేనెక్కడున్నా కనకాలపేటలో మా మామ్మ పెరట్లోకి వెళ్లిపోతాను. ఈ ఉదయం మా ఫ్లాటు బాల్కనీలో ఆర్కిడ్ కుండీకి నీళ్లు పోస్తుంటే అదే వాసన వచ్చింది. వంగి చూస్తే కొత్తాకు ముడతలు పడి వస్తోంది, చర్చిలో హార్మోనియం తిత్తిలాగా మడత మీద మడత. ఒళ్లు మండింది. ఈ రోగం నాకు పాతదే, దీన్ని ఎలా లొంగదీసుకోవాలో కూడా తెలుసు కాబట్టి వదిలేది లేదు.

మామ్మంటే మా నాన్న తల్లి. గోదావరి గట్టుకు కాస్త ఇవతల పెంకుటిల్లు, దాని వెనక ఆవిడ పెరడు. వేసవిలో మామిడికాయ వేసి వండిన ఎండురొయ్యల కూర, వరదకు గోదారి ఎర్రబడ్డాక వీధి చివరికి కూడా తెలిసిపోయే పులస పులుసు, క్రిస్మస్ ముందు వారమంతా కజ్జికాయలు వేగే నూనె వాసన, వీటి మధ్య మేము పిల్లలం తాటికాయ బండ్లు దొర్లించుకుంటూ వెళ్లి మల్లెపాదులో పడి తిట్లు తినేవాళ్లం. చేపలు కడిగిన నీళ్లు పారబొయ్యడమంటే ఆవిడ దృష్టిలో అన్నం పారబోసినట్టే. కరివేపాకుకో రోజు, మల్లెకో రోజు, బొప్పాయికో రోజు వంతులేసి పోసేది. కరివేపాకు కోసం వీధి వీధంతా మా గుమ్మంలోనే ఉండేది.

మా చిన్నత్త నర్సింగ్ చదివింది. బెంగుళూరులో ఉద్యోగం వస్తే మామ్మ వద్దంటే వద్దంది. అత్తా ఆవిడ కూతురే కదా, వెళ్లి తీరింది. కడియం నర్సరీలో మోజుపడి కొనుక్కున్న పసుపు పూల ఆర్కిడ్‌ను మాత్రం పెరటి చూరుకు వేలాడదీసి, తల్లి వింటుండగా మా అమ్మతో, "వదినా, నేనొచ్చేదాకా దీన్ని బతికించండి" అంది. ఆ రోజు నుంచి అది మామ్మకు అమ్మాయి మొక్క. ఆదివారం ఆరాధన అయ్యాక పక్కింటికి అత్త ఫోను వచ్చేది. తల్లి ఎలా ఉందని అడిగేది కాదు, మొక్కెలా ఉందని అడిగేది. "బానే ఉంది" అనేది మామ్మ. వాళ్లిద్దరికీ మిగిలిన మాట అదొక్కటే. మొక్క పోతే ఆ మాటా పోతుందని చిన్నపిల్లనైన నాకే తెలిసింది.

అందుకే మామ్మ మిగతా చెట్ల వంతులన్నీ రద్దు చేసి, చేపల నీళ్లన్నీ దానికే పోసింది. కొత్తాకు ముడతలతో వచ్చింది. మడతలు విప్పబోతే చీలింది. నీరసపడిందని ఇంకాస్త పోసింది. తర్వాతి ఆకు ఇంకా ముడుచుకుని వచ్చింది. చూసిన పక్కింటావిడ, "తెగులేమో, తీసి పారేద్దురూ" అంది. మామ్మ ఆవిడతో రెండు రోజులు మాట్లాడలేదు.

ఓ మధ్యాహ్నం కుండీని కిందికి దించి, ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. మట్టికి బదులు నింపిన కొబ్బరి పీచు మీద తెల్లగా పేరుకున్నదాన్ని గోటితో గీకి నాలిక మీద వేసుకుంది.

"ఉప్పే" అంది నాతో. "జిగురు పోడానికి సేపల్ని కల్లుప్పేసి తోవుతాం కదే. నేల్లో అయితే ఇంకిపోద్ది. ఈ పీసులో ఎక్కడికెల్తది? ఎండుసేపకి మనం సేసేదే దీనికీ సేసేను. తడంతా లాగేసింది."

అప్పుడు చూడాలి ఆవిడ పంతం. పాత పీచంతా ఊడదీసింది. వాన నీళ్లలో ఉప్పుండదని తొలి వానకు గంగాళం, బిందెలు, చెంబులు అన్నీ చూరు కింద పెట్టింది. కొత్త పీచును ఆ నీళ్లలోనే నానేసి, మార్చి మార్చి పిండి, మొక్కను మళ్లీ కట్టింది. ఆ నీళ్లతో నేను కాళ్లు కడుక్కోబోతే వీపు మోగింది. బిందె నీళ్లు అయిపోతే మబ్బు కోసం ఆకాశం చూస్తూ అరుగు మీద కూర్చునేది. ముడతలు పడ్డ ఆకులు ముడతలుగానే ఉండిపోయాయి. వాటి పక్కనుంచి ఓ కొత్తాకు తిన్నగా, నున్నగా వచ్చింది.

ఆ ఆదివారం ఫోనులో మామ్మ బానే ఉందనలేదు. "నీ మొక్కని నేనే పాడుసేసేను. నేనే బాగుసేత్తన్నాను. వచ్చి సూసుకో" అంది. నేనూ రిసీవరుకు చెవి ఆనించాను. అటు నుంచి అత్త గొంతు వచ్చింది.

"నువ్వెలా ఉన్నావమ్మా?"

మామ్మ ఫోను నా చేతికిచ్చి, కొంగుతో మొహం తుడుచుకుంది. క్రిస్మస్‌కు అత్త వచ్చింది. ముడతాకులు కత్తిరిస్తానంటే మామ్మ కత్తెర పడనివ్వలేదు.

ఇప్పుడు మామ్మ లేదు. పెంకుటిల్లు పోయి డాబా లేచింది, నీళ్లు జారే చూరు లేదు. చేపలు బజార్లోనే శుభ్రం చేయించి తెచ్చుకుంటున్నాం, మా కరివేపాకు కూడా కొన్నదే. నా బాల్కనీలోది అమ్మాయి మొక్క నుంచి విడదీసి అత్త ఇచ్చిన పిలక. పొద్దున్న దాని పీచు గీకి నాలిక మీద వేసుకున్నాను. ఉప్పే, మా బోరు నీళ్లది. మబ్బు పట్టింది కదా అని గంగాళం మేడ మీదికి మోసుకెళ్లి పెట్టి వచ్చాను.

ఆదివారం అత్త ఫోను చేస్తుంది. మొక్కెలా ఉందే అని అడుగుతుంది. బానే ఉందని మాత్రం చెప్పను.