మేడమ్ వలిచిన పలుకులు

మా ఇంగ్లీషు మేడమ్ పోయారన్న కబురు నాకు దిగపహండిలో బడి ముగించుకుని ఇంటికి వస్తుంటే బస్సులో తెలిసింది. బరంపురంలో నాతో ఎమ్మే చదివిన స్నేహితురాలు ఫోను చేసి, "మేడమ్ ఎల్లిపోయారే" అంది. ఎక్కడికని అడిగాను, పిచ్చిదానిలా. అర్థం కాక కాదు. దిగాల్సిన ఊరు దాటిపోయినా సీట్లోంచి లేవలేదు.

మేడమ్ ఒడిశాలో, ఆ బరంపురంలోనే తరతరాలుగా దుకాణాలు నడిపిన తెలుగువాళ్ళ ఆడపడుచు. క్లాసులో గడగడా ఇంగ్లీషు. తన గదిలో మాత్రం అచ్చం మా యాసే.

ఆ గదికి నేను మొదటిసారి వెళ్ళింది చదువు మానేస్తానని చెప్పడానికి. ఆ రోజు క్లాసులో అందరూ పేజీలు నింపుతుంటే, నేను రాసిందల్లా కొట్టేసి, మిగిలిన ఒక్క వాక్యం మీద చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. పొలంపని చేసుకునేవాళ్ళ పిల్లకి ఇంగ్లీషు ఎమ్మే ఏమిటని ఊళ్ళో అప్పటికే నవ్వుతున్నారు. వాళ్ళ మాటే నెగ్గేలా ఉందని ఏడుపొచ్చింది.

"నాకు రాదు మేడమ్. ఎల్లిపోతాను" అన్నాను.

"ఎల్దువులే పిల్లా. ఒడియా ఎక్కడ నేర్సినావు?"

"నేర్సుకోలేదు. సంతలో, బస్సులో అలా వచ్చేసింది."

"కండక్టరుతో దెబ్బలాడినప్పుడు తప్పులొస్తాయని ఆగినావేటి?"

"ఆగితే మా ఊర్లో బస్సాపడు మేడమ్."

ఆవిడ పకపకా నవ్వారు. "ఆ దెబ్బలాటే ఇంగ్లీషులో రాయి. నాను సూడన్లే" అంటూ కుర్చీని కిటికీవైపు తిప్పేసుకున్నారు. సంచిలోంచి వేయించిన వేరుశనక్కాయలు తీసి, ఒళ్ళో కాగితం పరుచుకుని వలుస్తూ కూర్చున్నారు. ఒక్క పలుకూ నోట్లో వేసుకోలేదు. నాకు కనిపించేది ఆవిడ జుట్టు ముడి, వినిపించేది తొక్కల చప్పుడు. అలాగే రాశాను. అయ్యింది మేడమ్ అన్నాక ఇటు తిరిగి, పలుకులన్నీ నా ముందుకు తోసి, నా కాగితం తీసుకున్నారు.

"చాలాసేపు పట్టింది మేడమ్" అన్నాను సిగ్గుగా.

"పట్టనీ. ఆలీసమైతే పలుకులు ఎక్కువొస్తాయి."

తర్వాత తర్వాత మాలో రాయలేనివాళ్ళంతా ఆ గదికే చేరాం. పలుకుల కోసం కావాలనే నెమ్మదిగా రాస్తున్నామని ఆవిడ వేళాకోళం. "తప్పు రాసినోళ్ళకి దిద్దుతాను. రాయనోళ్ళకి ఏటి దిద్దుతానే?" అనేవారు. ఇవాళ దిగపహండిలో పిల్లలకు ఇంగ్లీషు చెప్పి బతుకుతున్నానంటే ఆవిడ చలవే.

సంతాపసభలో చదవడానికి ఇంగ్లీషులో ఓ పేజీ రాయమన్నారు నన్ను. ఇంట్లో కూర్చుంటే మళ్ళీ పాత కథే. రాయడం, కొట్టేయడం, చెయ్యి అడ్డం పెట్టుకోవడం. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి మేడమ్ వచ్చి కుర్చీ అటు తిప్పుకుని కూర్చుంటే బాగుండునని ప్రాణం కొట్టుకుంది. వసారాలో అమ్మ అటు తిరిగి కూర్చుని విత్తనానికి వేరుశనక్కాయలు వలుస్తోంది. ఆ చప్పుడు వింటూ, తల ఎత్తకుండా రాసుకుంటూ పోయాను. చివరి వాక్యానికి చుక్క పెట్టి, "అయ్యింది మేడమ్" అన్నాను.

అమ్మ ఇటు తిరిగింది.

"ఎవుల్నే పిలుత్తన్నావు?"

అమ్మ ముందున్న చేట అప్పటికే పలుకులతో నిండిపోయింది.