రాజుగారికి ఏ గడి?

నా పొరపాటు ఎరిగినవారు నేను తప్ప ఎవరూ మిగలలేదు కనుక, దాన్ని నేనే రాసి ఉంచవలసి ఉన్నది. మొన్న బెంగుళూరు హూడిలో మా అబ్బాయి ఇంట టీవీలో ఒక పాత జానపద చిత్రం చూస్తుండగా, తన రోగం నయం చేసిన మాంత్రికునికి రాజు కూతురినిస్తానని మాట ఇచ్చే ఘట్టం రాగానే నేను లేచి బాల్కనీలోకి వెళ్లిపోయాను.

బెంగుళూరు కళాశాలలో తెలుగు అధ్యాపకునిగా ఉన్న రోజుల్లో ఆ చిత్రాన్నే నిర్మాణవాద పద్ధతిలో పాఠం చెప్పేవాణ్ణి. కథలెన్ని ఉన్నా పాత్రలు చేసే పనులు కొన్నేనని వివరించి, నాయకుడు, ప్రతినాయకుడు, నాయకుణ్ణి సాహసానికి పంపేవాడు, అడవిలో పరీక్షించి మహిమగల వస్తువునిచ్చే దాత, చివర లభించే రాకుమారి అంటూ నల్లబల్లపై స్కేలు పెట్టి గడులు గీసేవాణ్ణి. ఒక్క గీత వంకరపోయినా చెరిపి మళ్లీ గీసేవాణ్ణి.

మడివాళ నుంచి వచ్చే ఒక విద్యార్థిని, బొమ్మసంద్ర కర్మాగారంలో పనిచేసే కార్మికుని కూతురు, తన వ్యాసంలో రాజును ప్రతినాయకుని గడిలో చేర్చింది. జానపద చిత్రంలో కన్నతండ్రి ప్రతినాయకుడు కాడని, అది ఆ ప్రక్రియ నియమమని, ఎర్రసిరాతో కొట్టివేశాను. ఆమె నా గదికి వచ్చి తల వంచుకునే అడిగింది.

“మాంత్రికుడు అడిగినాడు, సరే సార్. ఇచ్చింది నాయన గదా?”

ఇది పట్టిక గాని పంచాయితీ కాదన్నాను. అప్పుడు అసలు సంగతి బయటపెట్టింది. భార్య పోయిన మేనమామకు, తనకంటే ఇరవై ఏళ్లు పెద్దవాడికి, తనను ఇచ్చి చేస్తానని తండ్రి మాట ఇచ్చేశాడట.

“మీరంటే మా నాయనకు గౌరవం ఉండాది సార్. పరీక్షలయ్యే దాకా ఆగమని ఒక్క మాట చెప్పండి.”

ముందు వ్యాసం సరిచేసి తెమ్మన్నాను. మర్నాడే తెచ్చింది; రాజు పంపేవాని గడిలో ఉన్నాడు, గీతలు నావాటికంటే తిన్నగా ఉన్నాయి. నిండు మార్కులు వేశాను. తండ్రి మాట ఆమె మళ్లీ ఎత్తలేదు, నేనూ అడగలేదు. పరీక్షలకు ఆమె రాలేదు. పెళ్లయి ఏడాది తిరగకముందే చనిపోయిందని తోటి విద్యార్థిని ఒకతె చెప్పింది. ఎలాగని అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

ఇప్పుడు మడివాళ వసతిగృహాల నిండా తమ జీతంతో తాము బతికే ఆడపిల్లలున్నారు. వారిని చూసినప్పుడల్లా ఆ తిన్నని గీతలు గుర్తుకొస్తాయి. ఆమె కథలో దాతను నేనే అనుకునేవాణ్ణి. పరీక్ష పెట్టాను, ఆమె నెగ్గింది, ఇవ్వవలసినది నేనివ్వలేదు. అటువంటి ముసలివాడికి నా పట్టికలో గడి లేదు. ఈ రాతలో తప్పులున్న చోట చదువరులు దిద్దవలసిందిగా కోరుతున్నాను. ఆ వ్యాసం మీది నా ఎర్రసిరాను కూడా.