నాకంటే ముందు వెళ్లిన నేను

అడవుల్లో ఒంటరిగా తిరిగే ఆడమనిషిని అందరూ అడిగే ప్రశ్న ఒకటే: "దయ్యాలంటే భయం వేయదా?" నాకు ఎలుగుబంటి అంటే భయం. కందిరీగలంటే ఇంకా భయం. దయ్యాలను మాత్రం ఎప్పుడూ లెక్కలోకి తీసుకోలేదు. ఇప్పపూలు రాలే కాలంలో అడవిలో నడిచేవాళ్లకు, కనిపించని వాటి గురించి భయపడేంత తీరిక ఉండదు.

ఇది చదివి నన్ను నమ్మమని అడగను. మా ఆయనే నమ్మలేదు. జరిగింది జరిగినట్టు చెబుతాను, అంతే.

నేను పుట్టి పెరిగింది బస్తర్ ఇనుప గనుల ఊరు బచేలిలో. శ్రీకాకుళం వైపు నుంచి గనిలో పనికి వచ్చిన మా నాన్న, పనికిరాని పాత ప్లాన్ కాగితాలు చుట్ట చుట్టి ఇంటికి తెచ్చేవాడు. వాటి వెనకవైపు ఖాళీయే నా బడి. బొమ్మలు వేయడం నాకెవరూ నేర్పలేదు. రాయడమూ అంతే. పెళ్లయ్యాక కూడా ఆ కొండల కిందే, ఇంకో క్వార్టర్‌లో కాపురం. పిల్లలకు ట్యూషన్లు చెబుతాను. సెలవు దొరికితే సైకిల్ ఎక్కుతాను. చూసినవాటి గురించి రాసి, బొమ్మలు వేసి ఒక వారపత్రికకు పంపుతాను.

గురువు లేని చదువు కదా, తప్పులకు లోటు లేదు. ఒకసారి చుక్కల చుక్కల ఆడకోయిలను చూసి ఇదేదో ఎవరూ చూడని పక్షి అనుకుని పేజీ నిండా రాశాను. తర్వాత చాలా వారాలు పాఠకులు నాకు కోయిల గురించి పాఠం చెప్పారు.

బొమ్మల్లో నాకు అసలు రానివి కాళ్లు. మనిషిని నడుము దాకా బాగానే దించుతాను. పాదాల దగ్గరికి వచ్చేసరికి అవి అరటికాయలైపోతాయి. అందుకే నా బొమ్మల్లో మనుషులంతా మోకాలెత్తు గడ్డిలోనో, నీళ్లలోనో నిలబడి ఉంటారు. "మీ బస్తర్‌లో ఎండిన నేల ఎక్కడా లేదా అమ్మా?" అని ఎడిటర్ గారు ఒకసారి ఫోన్ చేసి మరీ అడిగారు.

నా వేషం కూడా చెప్పాలి. మా ఆయన వాడేసి పక్కన పడేసిన పసుపు హెల్మెట్, గనిలో పెట్టుకునేది, నెత్తిన పెట్టుకుంటాను. నెరిసిన జడ, వీపున బొమ్మల అట్ట, కింద లేడీస్ సైకిల్. ఈ అవతారంలో దక్షిణ బస్తర్ మొత్తానికి నేనొక్కదాన్నే. ఇది గొప్పకు చెప్పడం లేదు, సాక్ష్యానికి చెబుతున్నాను.

వానలు వెనకపట్టిన రోజులు. ఆవపల్లి దాటాక పామేడు వైపు, ఒక వాగు అవతలి ఊళ్లో, చనిపోయినవాళ్ల పేరున నిలబెట్టిన రాళ్లున్నాయని విన్నాను. వాటి మీద పక్షులూ ఎడ్లూ రంగుల్లో ఉంటాయట. వాటిని చూసి వేసుకురావాలని బయల్దేరాను. ఆ దారిలోకి నేను వెళ్లడం అదే మొదటిసారి. బస్సు మీద సైకిల్ వేయించుకుని ఆవపల్లిలో దిగాను. మర్నాడు తెల్లవారుతూనే తొక్కడం మొదలుపెట్టాను.

రోడ్డు మీద బారికేడ్ దగ్గర ఒక కుర్ర జవాను నన్ను చూసి నోరు తెరిచాడు.

"మేడమ్, ఆప్ తో అందర్ గయీ థీ నా? బాహర్ కబ్ ఆయీ?"

లోపలికి వెళ్లినదానివి, బయటికి ఎప్పుడు వచ్చావని అడుగుతున్నాడు. నేను ఇప్పుడే వస్తున్నానని చెప్పాను. అతను ఒప్పుకోలేదు. ఇందాక తన దగ్గర మంచినీళ్లు తాగానట, తన బొమ్మ కూడా వేసిచ్చానట. దాని ఫోటో వాళ్లావిడకు పంపితే మీసం బాగా కుదిరిందని మెచ్చుకుందని సిగ్గుపడుతూ చెప్పాడు. నేను వేయలేదంటే అతని ముఖం చిన్నబోయింది. పాపం, ఎందుకొచ్చిన గొడవలే అని "అవును, మీసం బాగా కుదిరింది" అన్నాను. సంతోషంగా దారి వదిలాడు.

కొంత దూరంలో ఒక చిన్న హోటల్ ఉంది. నడిపేది చర్ల వైపు నుంచి వచ్చిన తెలుగాయన. నేను సైకిల్ స్టాండ్ వేస్తుంటేనే ఆయన బోండాల పళ్లెం మీద గుడ్డ కప్పేశాడు.

"ఏందక్కా, మళ్లొచ్చినవ్? బోండాలు సబ్బు లెక్క ఉన్నయన్నవ్ గదా ఇందాక!"

నేను జన్మలో అలాంటి మాట అననిదాన్ని. అత్తగారింట్లో రాళ్లున్న అన్నం కూడా బాగుందని తిన్నాను. "అన్నది నేను కాదన్నా, ఇంకెవరో" అంటే ఆయన నా హెల్మెట్ వంక, అట్ట వంక, జడ వంక చూసి, "సరే తియ్, నీ ఇష్టం" అన్నాడు. బతిమాలి ఒక బోండా తిన్నాను. నిజంగానే సబ్బులా ఉంది.

అప్పుడు నాకు భయం కాదు, ఒళ్లు మండింది. విషయం అర్థమైపోయింది అనుకున్నాను. ఏ హైదరాబాద్ ఆవిడో నా రాతలు చదివి, నా వేషం వేసుకుని, నా అడవిలోకి దిగింది. నేను వేయాల్సిన రాళ్ల బొమ్మలు నాకంటే ముందు వేసుకుని పోబోతోంది. లోపల కాస్త గర్వం కూడా కలిగింది, నన్ను చూసి వేషం వేసేవాళ్లున్నారన్నమాట అని. కానీ గర్వం కంటే కోపమే బలంగా తొక్కింది పెడళ్లను.

తారు రోడ్డు వదిలి మట్టి బాటలోకి తిరిగాక, తడి ఎర్రమట్టిలో ఒక సైకిల్ జాడ నా ముందు పోతూ కనిపించింది. నా వెనక టైరు ఒకచోట చిరిగితే రబ్బరు ముక్క కట్టించాను. చక్రం తిరిగినప్పుడల్లా అక్కడ మట్టిలో జెర్రిలాంటి గుర్తు పడుతుంది. ముందున్న జాడలోనూ అదే జెర్రి ఉంది. ఆగి, వెనక్కి తిరిగి నా జాడ చూశాను. మళ్లీ ముందుది చూశాను. టైర్లు అందరివీ చిరుగుతాయి కదా అని నాకు నేనే చెప్పుకుని, ఇంకా గట్టిగా తొక్కాను.

వాగు ఒడ్డుకు చేరేసరికి సూర్యుడు నడినెత్తిన ఉన్నాడు. గట్టు మీద ఒకటే ఇల్లు, ముందు మేకల పాక. ఆ ఇంటి ముసలమ్మ పేరు ముత్తమ్మ అని తర్వాత తెలిసింది. నడుము మీద చెయ్యి వేసుకుని, ఎదురుచూస్తున్నట్టు వాకిట్లో నిలబడి ఉంది.

"వచ్చినవా? కాళ్లు కడుక్కో, బిడ్డా. నిన్ను వాగు దాటనియ్య."

"ఎందుకవ్వా?"

"నువ్వే గదా చెప్పినవ్. ఎనకాల రొప్పుకుంట ఒకామె వస్తది, అది గూడ నేనే, దాన్ని వాగు దాటనియ్యకు అన్నవ్."

తలతిప్పితే ఇంటి మట్టిగోడ మీద బొగ్గుతో వేసిన బొమ్మ కనిపించింది. ముత్తమ్మ, ఆమె మేకలు. మనిషి గీత నా గీతే. చెవి దగ్గర మొదలుపెట్టి గడ్డం దాకా ఒకే గీతలో దించడం నా అలవాటు, అలాగే ఉంది. కానీ గడ్డి లేదు. నీళ్లు లేవు. ముత్తమ్మ ఎండిన నేల మీద రెండు కాళ్ల మీద నిలబడి ఉంది. మడమ పగుళ్లు, వేళ్ల ఎడం, కాలి కడియం కింద చర్మం ముడత, అన్నీ ఉన్నాయి. మేకల గిట్టలు కూడా వదల్లేదు.

ఆ క్షణాన నాకు కలిగింది నిజంగా అసూయే. ఫోన్ తీసి ఫోటో కొట్టుకున్నాను, ఎలా వేసిందో ఇంటికి వెళ్లి నేర్చుకుందామని.

"ఎటు పోయిందవ్వా ఆమె?"

"వాగు దాటింది."

"మరి దాన్నెందుకు పోనిచ్చావు?"

"దాన్ని ఆపమన్లే. ఎనకొచ్చేదాన్ని ఆపమన్నవ్." నా తెలివితక్కువకు ముత్తమ్మ జాలిపడ్డట్టు చూసింది.

గట్టు అంచుకు వెళ్లి చూశాను. వాగులో నీళ్లు చీలమండ దాకా కూడా లేవు. అడుగున గులకరాళ్లు లెక్కపెట్టవచ్చు. ఆకాశంలో మబ్బు తునక లేదు. సైకిల్ జాడ ఇసుకలో దిగి నీళ్లలోకి వెళ్లింది. అవతలి ఒడ్డు ఇసుక మీద కొంగ అడుగులు తప్ప మరేమీ లేవు. నీళ్లలోనే పైవైపు నడిచి ఎక్కడో గట్టెక్కి ఉంటుందిలే అనుకున్నాను.

నేను తిరిగొచ్చేసరికి ముత్తమ్మ నా సైకిల్ ముందు చక్రం గాలి తీసేసి, నా సంచిలో చెయ్యి పెట్టి పంపు బయటికి లాగుతోంది.

"అవ్వా, ఏంటిది!"

"పంపు సంచిల అడుగున ఉంటది, అది గూడ గుంజుకో అన్నవ్." పంపు తీసి నడుముకు దోపుకుంది.

"నడిచి వెళ్తాను."

"నడిచిపోతా అంటవని గూడ చెప్పినవ్."

"అప్పుడేం చెయ్యమన్నాను?"

"వెదురు కొమ్ముల కూర పెట్టమన్నవ్."

ఇక్కడ నేను ఓడిపోయాను. వానాకాలంలో లేత వెదురు కొమ్ముల కూర దొరికితే నేను పెళ్లి ముహూర్తం కూడా వదిలేస్తాను. ఈ సంగతి మా ఇంట్లో తప్ప ఎవరికీ తెలియదు, రాతల్లో ఎక్కడా రాయలేదు. చేతులు కడుక్కుని అరుగు మీద కూర్చున్నాను. తినేసి వెంటనే దాటుతానని ముత్తమ్మకు గట్టిగా చెప్పాను. ఆమె తలాడించి ఇంకొంచెం అన్నం వడ్డించింది. నేను రెండోసారి కూర అడిగాను. అడగకపోతే ఆపాటికి లేచి వాగులో దిగి ఉండేదాన్ని.

మొదట మేకలు లేచాయి. అన్నీ ఒకేసారి పైవైపు తిరిగి నిలబడ్డాయి. తర్వాత బరువు లారీలు వరసగా వస్తున్నట్టు ఒక రొద. ముత్తమ్మ కంచం పట్టుకుని నన్ను రెక్క పట్టి వెనక్కి లాగింది. వాగు మలుపులో ఎర్రటి నీళ్లు గోడలా లేచి వచ్చాయి. ముందు చెత్త, ఆకులు. ఆ వెనక వేళ్లతో సహా పెకిలిన చెట్లు. నేను ఇందాక నిలబడి గులకరాళ్లు చూసిన చోటు కళ్లముందే మాయమైంది. పైన కొండల్లో ఎక్కడో కుండపోత కురిసిందని తర్వాత విన్నాను. ఇక్కడ మాత్రం నా వీపు మీద ఎండ చురుక్కుమంటూనే ఉంది.

నా చేతికి ఇంకా అన్నం మెతుకులు అంటుకునే ఉన్నాయి. చప్పున గుర్తొచ్చింది, ఆమె!

గట్టు వెంట పరిగెత్తాను. ఏమని పిలవాలో తెలియలేదు. పేరు తెలియని మనిషిని "ఏమండీ!" అని పిలిచాను. తర్వాత ఏమైందో, నా పేరే పెట్టి అరిచాను. నీళ్ల హోరులో నా గొంతు నాకే వినపడలేదు. అంతవరకు తిట్టుకున్న మనిషి కోసం, బోండాలు బాలేవని అన్నదాని కోసం, కాళ్లు అంత బాగా వేసినదాని కోసం ఒడ్డు మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాను. ముత్తమ్మ వచ్చి పక్కన కూర్చుంది. ఆమె మాత్రం ఏడవలేదు.

"దానికి తెలుసు, బిడ్డా. తెలిసే పోయింది" అంది.

మర్నాడు నీళ్లు తీశాక ముత్తమ్మ అల్లుడు, ఇంకొందరు కిందివైపు వెతికి వచ్చారు. సైకిల్ దొరకలేదు, పసుపు హెల్మెట్ దొరకలేదు, మనిషీ దొరకలేదు. బారికేడ్ దగ్గర వాకబు చేశాను. ఎవరూ తప్పిపోలేదు, ఎవరి కోసమూ ఎవరూ రాలేదు. పత్రికవాళ్లను, తెలిసిన ఫోటోగ్రాఫర్లను, పక్షుల వెంట తిరిగేవాళ్లను అడిగాను. ఆ వైపు వెళ్లిన ఆడమనిషి గురించి ఒక్కరికీ తెలియదు.

మా ఆయన ఎండదెబ్బ అన్నాడు. ఫోన్‌లో గోడ బొమ్మ చూపించాను. చాలాసేపు చూసి, "నువ్వు వేసిందే కదా, కాళ్లెప్పుడు నేర్చుకున్నావు?" అన్నాడు. ఆ కాళ్లు చూసి నేర్చుకుందామని ఇప్పటికీ ప్రయత్నిస్తున్నాను. ఇప్పటికీ అరటికాయలే వస్తున్నాయి.

చలికాలంలో మళ్లీ వెళ్లాను. వాగు ఎండి ఉంది. అవతలి ఊరికి వెళ్లి రంగుల రాళ్లన్నీ వేసుకున్నాను. ఆ ఊళ్లో ఇల్లిల్లూ అడిగాను. వరద వచ్చిన రోజున అటు ఎవరూ రాలేదన్నారు. నన్ను చూడటం ఇదే మొదటిసారన్నారు. నా హెల్మెట్ చూసి పిల్లలు నవ్విన తీరు చూస్తే అది నిజమే అనిపించింది.

నాలాంటి ఇంకో మనిషి అనుకుంటే వెదురు కొమ్ముల కూర సంగతి కుదరదు. నా భ్రమ అనుకుంటే జవాను, హోటలాయన, ముత్తమ్మ ముగ్గురూ భ్రమపడాలి. దయ్యం అనుకుందామంటే, నేను ఇంకా బతికే ఉన్నాను. తిప్పి తిప్పి ఆలోచించి వదిలేశాను.

ఆ చలికాలం తిరుగు దారిలో ముత్తమ్మ ఇంటి దగ్గర ఆగాను. గోడలకు కొత్తగా మట్టి పూసుకున్నారు, బొమ్మ లేదు. ముత్తమ్మ చింతపండు గింజలు తీస్తూ తలెత్తి, నన్ను కింది నుంచి పై దాకా నిదానంగా చూసింది.

"నువ్వు ఏ దానివి?" అని అడిగింది.

"ఆ రోజు వాగు దాటనిదాన్ని, అవ్వా" అన్నాను.

"అట్లనా" అని కాస్త జరిగి చోటిచ్చింది. "అయితే కూసో. అది ఇందాకనే తినిపోయింది."